నాలుగో కుట్టు

మలేషియాలోని క్లాంగ్ ఊరి చివర, పోర్టుకు లారీలు పోయే రోడ్డు పక్కన ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను పంతొమ్మిదేళ్లు పనిచేశాను. రాతి కొండలు ఎక్కేవాళ్లు, మంచు కొండల మీద స్కీ పలకలు కట్టుకుని జారేవాళ్లు నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీల సామగ్రి మేం కుట్టేవాళ్లం. దాన్ని హార్నెస్ అంటారు. తాడు దానికే ముడేస్తారు. కాలు జారితే మనిషిని గాల్లో ఆపేది అదే. మా ఫ్యాక్టరీ పేరు దాని మీద ఎక్కడా ఉండదు. వేరేవాళ్ల పేరున్న లేబుల్ కుట్టి, పెట్టెల్లో సర్ది, ఓడకెక్కించేవాళ్లం.

మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకు వచ్చినవాళ్లు. మేం తోటలు వదిలి ఫ్యాక్టరీలకు వచ్చాం. ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, తెలుగు సంఘం వారు ఆదివారం తరగతుల్లో నేర్పిన రాత తెలుగు ఒకటి. ఈ రాస్తున్నది రెండోది. మాలో ఎవరమూ మంచు చూసినవాళ్లం కాదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టింది గోకి తీసినప్పుడు తెలిసినంతే మంచు అంటే. మొత్తం ఫ్యాక్టరీలో నిజం మంచు మీద నడిచినవాడు ఒక్కడే, నేపాల్ నుంచి వచ్చిన మనిషి. అతని గురించి చెబుతాను.

నాది చివరి బల్ల. కుట్టు మిషన్లన్నీ దాటి వచ్చిన హార్నెస్‌ను ట్యూబులైటు కింద తిరగేసి, ప్రతి పట్టీ లాగి, కుట్లు లెక్కపెట్టడం నా పని. బాగుంటే ప్యాకింగు బల్ల మీదికి పంపాలి. బాగోకపోతే నడుం పట్టీ లోపలి వైపు పసుపు సుద్దతో ఇంటూ గుర్తు గీసి నీలం బుట్టలో వెయ్యాలి. బాగున్నదానికి ఒక చిన్న అట్ట కడతారు. ఆ అట్ట మీద నా రబ్బరు ముద్ర ఉంటుంది, గుండ్రం మధ్యలో పదిహేడు. హార్నెస్ చూశాకే ముద్ర వెయ్యాలని నా తల వెనక గోడ మీద మూడు భాషల్లో రాసి ఉండేది.

అన్నిటికన్నా ముఖ్యం ముందువైపు లూప్. బొడ్డు కింద పడే చోట, పట్టీని ఉంగరంలా మడిచి కుడతారు. మనిషి బరువంతా దాని మీదే వేలాడుతుంది. దానికి నాలుగు చోట్ల అడ్డంగా గట్టి కుట్టు పడాలి. ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత. అందులో నలభై రెండు పోట్లు. కంటికి కనపడాలని నల్ల పట్టీ మీద ఎర్ర దారం వాడేవాళ్లం.

ఆ గట్టి కుట్టు వేసే మిషన్లు రెండే. ఒకదాని మీద అప్ప కూర్చునేది. సొంత అక్క కాదు. మా అమ్మా వాళ్లమ్మా ఒకే తోటలో, ఒకే లైను ఇళ్లలో పెరిగారు. ఫ్యాక్టరీలో నన్ను చేర్పించింది ఆవిడే, కుట్టు చూడటం నేర్పింది ఆవిడే. రెండో మిషన్ మీద నేపాల్ మనిషి. ముప్పై దాటినవాడు. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే మలై భాషలోనే.

ఒక సోమవారం ఉదయం సూపర్‌వైజర్ నన్ను తన గదిలోకి పిలిచాడు. ఆయన తల్లి తెలుగావిడ, తండ్రి తమిళుడు. ఆయన నోటికి తమిళమే ముందు వస్తుంది, నాతో మాట్లాడేటప్పుడు మాత్రం మధ్యలో తెలుగు కలుపుతాడు. బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఒక హార్నెస్ ఉంది.

"ఎన్నక్కా ఇది?" అన్నాడు, ఏంటిదని. "సూడండి, లెక్కపెట్టండి."

లూప్ మీద మూడు కుట్లే ఉన్నాయి. నాలుగోది పడాల్సిన చోట నున్నటి నల్ల పట్టీ.

సరుకు కొనే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చిందట. ఎవరో ఒకావిడ కొత్త హార్నెస్ కొనుక్కుని, మంచు కొండలకు బయలుదేరే ముందు ఇంట్లో సామాను పరుచుకుని ఒక్కొక్కటీ చూసుకుంటే ఇది కనబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎవరూ పడలేదు. కానీ రెండు వారాల్లో కారణం చెప్పాలని రాశారు.

హార్నెస్‌కి కట్టిన అట్ట నావైపే తిరిగి ఉంది. దాని మీద పదిహేడు.

"నేను సూసినదే అయితే ఇలా పోదు తమ్ముడూ. నా కన్ను దాటి పోదు" అన్నాను.

"ముద్ర మీదేగా అక్కా?"

"ముద్ర నాదే."

ఆయన సంచిని సొరుగులో పెట్టేసుకున్నాడు.  నా వెనక తలుపు మూసుకున్నాక ఎవరికో ఫోన్ చేసి ఏం చెబుతాడో అని నడవలో కాసేపు నిలబడ్డాను. ఏమీ వినపడలేదు.

మధ్యాహ్నానికి సంగతి అందరికీ తెలిసింది. క్యాంటీన్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు కానీ అందరి చూపూ ఒకే వైపు పోయింది. నేపాల్ మనిషి ఎప్పటిలా మూలబల్ల దగ్గర ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. అప్ప నా పక్కన కూర్చుని చెవిలో చెప్పింది.

"ఆడే సేసుంటాడు, సూడు. నాను ఇరవై ఏళ్లు కుట్టినాను, ఒక్కటి ఎనక్కి వచ్చినాదా? ఆడొచ్చినాకే గదా ఇది వచ్చినాది."

నేను అవుననలేదు. కాదనీ అనలేదు. పులుసు కలుపుకుంటూ తల వంచుకున్నాను.

నిజానికి ఆ పొద్దున ప్లాస్టిక్ సంచిలోంచే నేను ఒకటి చూశాను. రెండు మిషన్లకూ చేతిరాతలా ఒక తేడా ఉండేది. నేపాల్ మనిషి మిషన్ కుట్టు ముగించేటప్పుడు ఎడమ వైపు దారం కొస కొంచెం వదిలేది. అప్ప మిషన్ కుడివైపు వదిలేది. బయటివాళ్లకు తెలియదు, రోజుకు వందలు చూసే నాకు తెలుసు. ఆ హార్నెస్ మీది మూడు కుట్లకూ కొసలు కుడివైపే ఉన్నాయి. నేను సూపర్‌వైజర్‌కి చెప్పలేదు. ఆ సాయంత్రం అతన్ని మిషన్ మీంచి లేపి, విచారణ అయ్యేదాకా దారం ముక్కలు ఊడ్చే పనికీ పెట్టెలు మోసే పనికీ వేశారు. అప్పుడూ చెప్పలేదు. అతని కాంట్రాక్టు ఆ నెలాఖరుకు మళ్లీ రాయించుకోవాల్సి ఉంది.

నాకు అనుమానం అప్ప మీద. అప్పటికి చాలా నెలలుగా ఆవిడ ముక్కల్లో అప్పుడప్పుడు ఒక కుట్టు తప్పేది. సుద్ద గుర్తు పెట్టి నీలం బుట్టలో వేసేదాన్ని. సాయంత్రం ఆవిడే వచ్చి, బుట్టలోవి తీసుకుపోయి, కుట్టు వేసి తెచ్చేది. అలసట అనుకునేదాన్ని. ఈమధ్య సూదిలో దారం ఎక్కించడానికి పక్కమ్మాయిని పిలుస్తోంది. గోడ మీది నోటీసు నన్ను చదవమంటోంది. ముక్కును మిషన్‌కి ఆనించినంత దగ్గరగా వంగి కుడుతోంది. ఇవన్నీ నేను చూశాను, చూసి పక్కన పెట్టాను. ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చి గుచ్చుకుంటున్నాయి.

మర్నాటి నుంచి నేనో పని మొదలుపెట్టాను. అప్ప దగ్గరికి వెళ్లే లూప్ పట్టీల మీద, కుట్టు పడాల్సిన నాలుగు చోట్లా తెల్ల పెన్సిల్‌తో సన్నగా చుక్క పెట్టేదాన్ని. కుట్టు పడితే చుక్క దారం కింద మునిగిపోతుంది. తప్పితే చుక్క మిగులుతుంది. మూడు రోజుల్లో రెండు లూపుల మీద చుక్క మిగిలింది.

అప్ప అని తేలింది. కానీ అది నాకు సరిపోలేదు. అప్ప తప్పినా నేను పట్టుకుంటాను కదా. ఇంతకాలం పట్టుకున్నాను కదా. మరి ఆ ఒక్కటి నా చేతిని దాటి ఎలా పోయింది? నా బుట్టలోంచి ఎవరైనా తీసి ప్యాకింగు బల్ల మీద పెట్టారా? నేపాల్ మనిషి కావాలనే చేశాడా, అప్ప తనతో సరిగ్గా మాట్లాడదని కోపంతో? సూపర్‌వైజర్ లెక్క నింపడానికి రాత్రి షిఫ్టువాళ్లతో కట్టించేశాడా? ప్యాకింగు పిల్లలు నవ్వుకుంటే నా గురించే అనిపించేది. నీళ్ల సీసా నింపుకోవడానికి లేచినప్పుడు రబ్బరు ముద్రను జేబులో వేసుకుని వెళ్లేదాన్ని.

నాలుగో రోజు టీ వేళకు అప్ప నా బల్ల దగ్గరికొచ్చి ఒక లూప్ నా ముందు పడేసింది.

"ఇదేటి?"

"ఏటి అప్పా?"

"సుక్క. తెల్లది. వేలుతో రాస్తే పోతంది. నా పట్టీలకే ఉన్నాయంట, పక్క పిల్ల సెప్పినాది. నా ఎనకాల సుక్కలెట్టుతున్నావేటి?"

చుట్టూ నలుగురు చూస్తున్నారు.  "అందరివీ సూడాలి గదా అప్పా, పై వాళ్లు అడుగుతున్నారు" అని అబద్ధం చెప్పాను.

"నీకు కుట్టు సూడ్డం ఎవులు నేర్పినారు?" అని అడిగింది అప్ప. గొంతు పెంచలేదు. "నన్నడిగుంటే సెప్పేదాన్ని గదా."

ఆ రోజు నుంచి ఫ్యాక్టరీ వ్యానులో ఆవిడ నా పక్క సీటు మానేసి డ్రైవర్ వెనక కూర్చుంది.

ఈలోగా కంపెనీ ఇంకో మాట పంపింది. తప్పు దొరికిన హార్నెస్ తయారైన వారం సరుకులో పోర్టు గోదాములో ఇంకా ఓడకెక్కని పెట్టెలుంటే వెనక్కి తెప్పించి మొత్తం మళ్లీ చూడమని. రెండు లారీలు వచ్చాయి. పొడవాటి బల్లలు వేసి, ఒకవైపు నేను, ఎదురుగా అప్ప, అటూ ఇటూ మిగతా వాళ్లు కూర్చున్నాం. నేపాల్ మనిషి పెట్టెలు మోసుకొచ్చి, టేపు కోసి, మా మధ్య పెట్టి వెళ్లేవాడు. పెట్టె దింపాక ఒక్క క్షణం ఆగి నా చేతులను చూసేవాడు. నేను తలెత్తితే వెళ్లిపోయేవాడు. ఏం చూస్తున్నాడు ఇతను అని నాకు విసుగ్గా ఉండేది.

అప్ప చూపుతో కాక వేలితో లెక్కపెడుతోంది. బొటనవేలి గోరు కుట్టు కుట్టుకీ తగిలించి, పెదవులు కదుపుతూ, ఒకటి, రెండు, మూడు, నాలుగు. చూడకుండా ఉండలేకపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం, ఒక పెట్టెలో అడుగు వరసలో, నా చేతికి రెండోది వచ్చింది. మూడు కుట్లు. అట్ట మీద పదిహేడు. నాకు కొంచెం సంతోషం వేసింది. ఇప్పుడు ఎవరు చేశారో తెలిసిపోతుందనుకున్నాను. నడుం పట్టీ తిరగేశాను.

లోపలి వైపు పసుపు మరక ఉంది.

దుమ్మో, ప్యాకింగు జిగురో అనుకుని లైటు కిందికి జరిపాను. మరక కాదు. రెండు గీతలు, ఒకదాని మీద ఒకటి, చెరిగిపోగా మిగిలినవి. ఇంటూ గుర్తు. నా సుద్ద, నా చెయ్యి. సూపర్‌వైజర్ గదిలోని దాని మీద కూడా అలాంటి పసుపు ఉన్నట్టు అప్పుడు గుర్తొచ్చింది. రవాణాలో అంటిన మురికి అనుకుని మేమెవరమూ పట్టించుకోలేదు.

అంటే ఆ రెండిటినీ నేను పట్టుకున్నాను. గుర్తు పెట్టాను. బుట్టలో వేశాను. మరి అట్ట ఎలా వచ్చింది?

అక్కడే కూర్చుని, చేతిలో హార్నెస్ పట్టుకుని, ఆ వారం ఏం జరిగిందో ఒక్కొక్క రోజూ గుర్తు తెచ్చుకున్నాను. ఆ వారం పెద్ద ఆర్డరు. రెండు రోజులు ఎడతెగని వాన. రెండో రోజు మధ్యాహ్నం కాలువ పొంగి ఫ్యాక్టరీలోకి మడమల దాకా నీళ్లు వచ్చాయి. అందరం కేకలు వేసుకుంటూ నేల మీదున్న బుట్టలు, పెట్టెలు చేతికందినట్టు బల్లల మీదికెత్తాం. నీలం బుట్టను ప్యాకింగు బల్ల మీద పెట్టింది నేనే. అది ఒరిగి పడితే అందులోవి దులిపి పక్కనే కుప్పగా పోసింది నేనే. తడి చేతులు, తడి గుడ్డలు. సుద్ద నిలుస్తుందా?

ఇక అట్టలు. పని ఎక్కువున్న రోజుల్లో నేను ఉదయమే కూర్చుని ఒక కట్ట అట్టలకు ముందుగానే ముద్ర కొట్టేసేదాన్ని. వాటిని ప్యాకింగు బల్ల మీద డబ్బాలో పెట్టేస్తే, నేను పంపినవాటికి వాళ్లే కట్టుకునేవారు. టైము కలిసొచ్చేది. గోడ మీద మూడు భాషల్లో రాసింది నా వెనకే ఉంది. నేను దానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని. ప్యాకింగు పిల్లలు తమ బల్ల మీద ఉన్నవాటికి తమ డబ్బాలో ఉన్న అట్టలు కట్టారు. వాళ్ల తప్పేముంది?

"ఏటి, దొరికినాదా?" అంది అప్ప ఎదురుగా. చుక్కల గొడవ తర్వాత నాతో ఆవిడ అన్న మొదటి మాట అది. నా చేతులు కదలకపోవడం ఆవిడకు వినపడి ఉంటుంది.

"లేదప్పా" అన్నాను.

హార్నెస్‌ను తిరిగి అదే పెట్టె అడుగున పెట్టి, పైన మిగతావి పరిచి, పెట్టె మూల గుర్తుగా కొంచెం మడిచి పక్కకు తోశాను. బొటనవేలు తడి చేసుకుని ఆ పసుపు గీతలు తుడిచేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధమవుతుంది.

ఆ ఆదివారం మా అమ్మాయి నన్ను బయటికి తీసుకెళ్లింది. సైబర్‌జయలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని తనకి. ఆఫీసు స్నేహితులతో కలిసి ఒక పెద్ద హాల్లో కృత్రిమ గోడలు ఎక్కడం నేర్చుకుంటోంది. మూడంతస్తుల ఎత్తు గోడ, చేత్తో పట్టుకోవడానికి రంగురంగుల గుబ్బలు, పైనుంచి వేలాడే తాళ్లు. అక్కడ హార్నెస్‌లు అద్దెకిస్తారు. వరసగా కొక్కేలకు వేలాడుతున్నాయి. మేం కుట్టినవి కావు, ఇంకెవరో కుట్టినవి. మా అమ్మాయి ఒకటి తీసి నడుముకి బిగించుకుంది.

నేను వెళ్లి ఆ లూప్ పట్టుకుని కుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అది వేరే రకం, ఎన్నుండాలో నాకు తెలియదు. అయినా లెక్కపెట్టాను. లాగాను. తిరగేశాను. లోపల ఏదైనా మరక ఉందేమోనని వంగి చూశాను.

"అమ్మా, మలు లా!" అంది అమ్మాయి, సిగ్గుగా ఉందని. "అందరూ సూస్తన్నారు లా."

"ఇది ఎవులు సూసినారు? కొక్కేనికి తగిలించే ముందు ఎవులైనా సూసినారా?"

"రోజూ చెక్ చేస్తారు అమ్మా. పేపర్లో సంతకం కూడా పెడతారు."

"సంతకం ముందే పెట్టేసి ఉంటే?"

అమ్మాయికి అర్థం కాలేదు. నవ్వి, తాడు ముడేయించుకుని, ఎక్కేసింది. పైదాకా వెళ్లి చేతులు వదిలేసింది. తాడు బిగిసింది. నా కూతురు ఆ లూప్ మీద కూర్చున్నట్టు గాల్లో వేలాడుతూ కిందికి చూసి చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. నా రెండు చేతులూ పక్కనున్న ఇనుప కమ్మీని పట్టుకుని ఉన్నాయి.

సోమవారం ఉదయం వ్యాను దిగగానే అప్పను గేటు పక్కకు పిలిచాను. జరిగిందంతా చెప్పాను. దారం కొసల సంగతి, చుక్కల సంగతి, సుద్ద గుర్తు, వాన, అట్టలు.  అయ్యాక అప్ప రోడ్డు వైపు చూసింది.

"ఎవులికీ ఏటీ అవలేదు గదా. తుడిసెయ్" అంది.

"తుడిసేస్తే ఆ నేపాల్ మనిషిని పంపేస్తారప్పా."

"పంపుతారు." టిఫిను డబ్బా రెండో చేతికి మార్చుకుని చెప్పింది, "నాకు దారం ఎర్రగా కనపడతాది. ఎర్రగా ఉన్నాదని తెలుస్తాది, ఎన్నున్నాయో తెలీదు. దీపం సుట్టూ పొగలాగ ఉంటాది. సెప్తే మిషన్ మీంచి లేపేస్తారని సెప్పలేదు. ఆడి మీద పడినప్పుడు నాకు పానం తేలికయినాది, సూడు. నాను కాదు గదా అని."

"నాకూ అంతే అయినాది" అన్నాను.

సూపర్‌వైజర్ గదికి నేనొక్కదాన్నే వెళ్దామనుకున్నాను. అప్ప నా వెనకే వచ్చింది. మూల మడిచిన పెట్టెను ఆయన బల్ల మీద పెట్టి తెరిచి, హార్నెస్ తీసి, పసుపు గీతలు చూపించాను. ముద్ర ముందే కొట్టేదాన్నని చెప్పాను. ఆయన చాలాసేపు లైటు కింద తిప్పి చూశాడు. నమ్మినట్టు లేడు.

"అక్కా, మీరు ఆ నేపాల్ ఆయన్ని కాపాడటానికి చెబుతున్నారా?" అని అడిగాడు. తర్వాత అప్ప వైపు తిరిగి, "లేకపోతే ఈవిడనా?" అన్నాడు.

చెప్పిన నిజాన్ని కూడా తిరగేసి చూసేంత దూరం వచ్చేశాం మేం. చివరికి ప్యాకింగు డబ్బాలో మిగిలిన ముద్రల అట్టలు తెచ్చి ఆయన ముందు పోశాను. ఏ హార్నెస్‌కీ కట్టకుండానే అన్నిటి మీదా నా పదిహేడు. అప్పుడు నమ్మాడు.

నా ముద్ర తీసేసుకున్నారు. మూడు నెలలు కొసదారాలు కత్తిరించే బల్ల మీద వేశారు. కొనే కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. ఎండకు ముక్కు ఎర్రబడ్డ పొడుగు మనిషి, తనూ మంచు కొండలెక్కే ఆవిడేనట. అరవలేదు. మూడు కుట్లున్న లూప్‌ను వేలికి తగిలించుకుని, "ఇది బహుశా మనిషిని ఆపుతుంది. కానీ దీని మీద వేలాడేవాళ్లు 'బహుశా' అనుకోకూడదు" అని ఇంగ్లీషులో అంది. సూపర్‌వైజర్ మాకు చెప్పాడు. నీలం బుట్టకు బదులు తాళం వేసే ఇనుప పెట్టె వచ్చింది. సుద్ద పోయి, లూప్‌నే కత్తిరించి పడేసే కత్తెర వచ్చింది. అట్టలకు వరస నంబర్లు వచ్చాయి.

కళ్ల సంగతి అప్పే ఆ గదిలో చెప్పేసింది; ఆవిడను కంటి పరీక్షకు పంపారు. రెండు కళ్లకూ శుక్లాలు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేశారు. నేను చూడటానికి వెళితే కంటికి కట్టుతో కూర్చుని, నా చెయ్యి పట్టుకోలేదు కానీ తెచ్చిన బొప్పాయి ముక్కలు తింది. మళ్లీ మిషన్ మీద కూర్చోనని తనే చెప్పేసింది. పట్టీలు కొలిచి కోసే బల్ల మీదికి మారింది. కొన్నాళ్లకు వ్యానులో నా పక్క సీటుకు వచ్చింది. ఆ సంగతి మాత్రం మేం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

నేపాల్ మనిషిని తిరిగి మిషన్ మీద కూర్చోబెట్టారు. కాంట్రాక్టు రాయించారు. ఒక రోజు టీ వేళ నేను అతని దగ్గరికి వెళ్లి, నాకొచ్చిన మలైలో, "నేను కూడా నువ్వే అనుకున్నాను. కాదని తెలిశాక కూడా చెప్పలేదు. తప్పయింది" అన్నాను.

అతను జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. ప్రతి రోజూ తను కుట్టిన లూపుల సంఖ్య, ఎన్నిటికి మొదలుపెట్టాడో, ఎన్నిటికి ఆపాడో, చేరిన రోజు నుంచీ రాసి ఉంది. అందులో ఫ్యాక్టరీలోకి నీళ్లొచ్చిన ఆ రోజు కూడా ఉంది. ఆ రోజు అతని మిషన్ పాడై, ఒక్క లూపూ కుట్టలేదు.

"ఇది ముందే చూపించి ఉంటే?" అన్నాను.

"చూపించాను. నన్ను మిషన్ మీంచి లేపిన రెండో రోజే సూపర్‌వైజర్‌కి. తర్వాత మాట్లాడదాం అన్నాడు. మీ బల్ల మీద కూడా తెరిచి పెట్టాను. మీరు చూడకుండానే పక్కకు జరిపారు."

నాకు గుర్తు లేదు. కానీ జరిపి ఉంటానని నాకు తెలుసు.

"ఎందుకు రాస్తున్నావు ఇదంతా, చేరిన రోజు నుంచీ?"

"ఏదైనా జరిగితే ముందు నన్నే చూస్తారని" అన్నాడు. కోపంగా అనలేదు. పుస్తకం జేబులో పెట్టుకుని మిషన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

మూడు నెలలయ్యాక నా ముద్ర నాకు తిరిగిచ్చారు. నేను మానేసే దాకా ఇంకో రెండేళ్లు ఆ చివరి బల్ల మీదే ఉన్నాను. మిగతావాళ్లు తమ ముక్కలు నా బల్ల మీద పడేసి వెళ్లిపోయేవారు. అతను మాత్రం తన ముక్కలు తెచ్చి, చేతులు కట్టుకుని, నేను ప్రతి లూప్ లెక్కపెట్టి, అట్ట మీద ముద్ర కొట్టి, అది హార్నెస్‌కి కట్టేదాకా అక్కడే నిలబడి చూసేవాడు. పని ఆగిపోతోందని సూపర్‌వైజర్ రెండుసార్లు అన్నాడు. అతను కదల్లేదు. నేనూ వెళ్లిపొమ్మనలేదు.